కసువు ఊడ్చే చేయి

(బెంగళూరులో ఒక తెలుగు సంఘం ఆదివారం సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమని పిలిచిన సెక్రటరీ గారు ఫోన్లో ఒక షరతు పెట్టారు. "మేడం, చెత్త గురించి చెప్పండి, కానీ భోజనాల ముందు కదా, కొంచెం చూసి చెప్పండి" అన్నారు. (నవ్వులు) నేనూ ఒక షరతు పెట్టాను. కాఫీ పేపరు కప్పుల్లో ఇవ్వకూడదు, స్టీలు గ్లాసులు తెప్పించాలి అని. తెప్పించారు. కడిగే మనిషి రాకపోతే ఆయనే చేతులు పైకి మడిచి కడిగారట. ఆయనకు ఒకసారి చప్పట్లు కొట్టండి.

పేపరు కప్పు మీద నాకెందుకంత కోపం అంటే, దాని లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది లేకపోతే వేడి కాఫీకి కప్పు నానిపోతుంది. ఆ పొర ఉన్నందువల్ల పాత కాగితాల వాళ్లు దాన్ని తీసుకోరు. తడి చెత్తలో వేస్తే ఎరువు కాదు. "పేపరే కదా" అని మనం నిశ్చింతగా పారేస్తాం. దానికి ఆ పేరు లేకపోతే ఇన్ని కప్పులు వాడేవాళ్లం కాదేమో.

నాది హిందూపురం. పెళ్లయి 1984లో ఈ ఊరికి వచ్చాను. మా వైపు ఇల్లు ఊడ్చడాన్ని కసువు ఊడ్చడం అంటారు. కోస్తా వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే నవ్వుతారేమో. పొద్దున్నే లేచి కసువు చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టాలి, ఆ తర్వాతే ఏ పనైనా. ఇక్కడికొచ్చిన మొదటి వారం వీధిలో ఎవరో "కసా... కసా..." అని అరుస్తుంటే నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది. కన్నడలో చెత్త అంటే కస. మన కసువే. హసి కస అంటే తడి చెత్త, ఒణ కస అంటే పొడి చెత్త. కన్నడం రాదని ఇరవై ఏళ్లుగా చెప్పుకునేవాళ్లు కూడా ఈ రెండు మాటలూ నేర్చుకుంటే ఈ ఊళ్లో సగం బతకొచ్చు.

మా అవ్వ ఇంట్లో చెత్తబుట్ట ఉండేది కాదు. చెత్త లేక కాదు. కూరగాయల తొక్కలు ఎనుముకు వెళ్లేవి. పొయ్యి బూడిద గిన్నెలు తోమడానికి. పేడ, ఊడ్చిన మట్టి, విస్తరాకులు ఇంటి వెనక దిబ్బలోకి. ఎండాకాలం ఆఖర్న ఆ దిబ్బను తవ్వి బండికెత్తి చేనికి తోలేవాళ్లు. మా మామ దిబ్బ లోతు చూసి ఈసారి ఎన్ని బండ్లు అవుతుందో చెప్పేవాడు. ఇది చెప్పి పాతకాలమే మేలు అనడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో మరుగుదొడ్డి శుభ్రం చేసే మనుషుల్ని ఎలా చూసేవాళ్లమో నాకు గుర్తుంది. ఆ మాట తర్వాత చెప్తాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ల కిందట, బ్యాంకులో ఉద్యోగం చేసే రోజుల్లో, పొద్దున తొమ్మిదింటికి బ్రాంచిలో ఉండాలి. టిఫిన్ బాక్సులు, పిల్లల స్కూలు. ఇంట్లో చెత్తంతా ఒకే నల్ల కవర్లో కుక్కి, మూతి గట్టిగా ముడేసి గేటు బయట పెట్టేదాన్ని. ముడి ఎంత గట్టిగా ఉంటే అంత శుభ్రమైన ఇల్లాలిని అని నా నమ్మకం. ఒకరోజు ఆవకాయ సీసా చేయిజారి పగిలింది. నూనె, గాజు, కారం, అన్నీ ఊడ్చి అదే కవర్లో వేశాను. దాని మీద అరటి తొక్కలు, టీ పిప్పి.

గేటు దగ్గర నుంచి అరుపు వినిపించింది. వెళ్లి చూస్తే మా వీధి ఊడ్చే ఆమె అరచేయి పట్టుకుని కూర్చుంది. తెగిన చోట ఆవకాయ కారం. ఎంత మంటో ఆలోచించండి. నేను ఆమెతో అన్నేళ్లూ వచ్చీరాని కన్నడంలో మాట్లాడేదాన్ని. ఆ రోజు ఆమె నా మొహం చూసి తెలుగులో అడిగింది. "సీసా పెంకులు ఉండాయని ఒక మాట చెప్తే ఏం పోయింది మా?"

మా ఊరి తెలుగు. మా అవ్వ మాట్లాడే తెలుగు. వాళ్లది మడకశిర పక్కన పల్లె. మా ఊరికి గంట ప్రయాణం. నా గేటు ముందు రోజూ ఊడ్చే మనిషి నా భాష మనిషని నాకు తెలియడానికి ఆమె చేయి తెగాల్సి వచ్చింది.

ఈ ఊళ్లో వీధులు ఊడ్చే పౌరకార్మికులలో చాలా మంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల వాళ్లే. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. తరాల కిందట అనంతపురం, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన వాళ్లున్నారు. మనం ఉగాదికి హాలు బుక్ చేసుకుని, స్టేజి మీద తెలుగు వైభవం గురించి మాట్లాడుకుంటాం. చేసుకోవాల్సిందే, నేనూ ప్రతి ఏడాదీ పట్టుచీర కట్టుకుని వస్తాను. కానీ బెంగళూరు తెలుగువాళ్లు అనగానే మనకు ఎవరు గుర్తొస్తారు? మారతహళ్లి పీజీ హాస్టళ్లు, వైట్‌ఫీల్డ్ ఐటీ, మహా అయితే రియల్ ఎస్టేట్. పొద్దున ఆరింటికి మస్టరు దగ్గర హాజరు వేయించుకుని చీపురు పట్టుకునే తెలుగు వాళ్లు ఆ లెక్కలోకి రారు.

సరే, చెత్త ఇంటి నుంచి ఎటు పోతుందో చూద్దాం. ఇది నేను చూసింది కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ఇక్కడ తిరుపతికో చిత్తూరుకో వెళ్లని వాళ్లు ఉండరు. ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద కె.ఆర్. పురం దాటి, బూదిగెరె క్రాస్ దగ్గర ఎడమకు తిరిగితే మండూరు అనే ఊరు వస్తుంది. ఏళ్ల తరబడి ఈ నగరం చెత్త లారీలు అక్కడికే వెళ్లాయి. అటు యలహంక అవతల మావళ్లిపురం. ఈ రెండూ మన చెత్తబుట్టలు. మావళ్లిపురం వాళ్లు గొడవ చేసి 2012లో ఆపించారు. అప్పుడు ఇక్కడున్న వాళ్లకు గుర్తుండాలి, వీధి మలుపుల్లో చెత్త రోజుల తరబడి అలాగే ఉండిపోయింది. ఉద్యానవన నగరం అని పేరున్న ఊళ్లో ముక్కు మూసుకుని నడిచాం. ఆ భారం కూడా మండూరు మీద పడింది. 2014లో ఆ ఊరి వాళ్లు లారీలకు అడ్డం కూర్చున్నారు. ఈగలు, వాసన, పాడైన నీళ్లు. ప్రభుత్వం గడువు అడిగింది. 2014 డిసెంబరు 1 నుంచి అక్కడికి లారీలు ఆగిపోయాయి.

ఆగిపోతే చెత్త తగ్గిందా? లేదు. బాగలూరు వైపు పాత రాతి గనుల గుంతల్లోకి వెళ్లింది. బెళ్లహళ్లి, తర్వాత మిట్టగానహళ్లి. ఊరి పేరు మారింది, అంతే.

మండూరు గుట్టను నేను దూరం నుంచి చూశాను. మా సహోద్యోగి ఒకావిడ సైటు కొనాలని అటు వెళ్తుంటే తోడు వెళ్లాను. సైటు ధర తక్కువ ఎందుకో కారు అద్దం దించగానే తెలిసింది. (నవ్వులు) ఆవిడ నవ్వుతూ "చెత్త వాసన" అంది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ వాసనలో నాకు తెలిసినది ఒకటుంది. మూడు రోజులు బయట పెట్టిన పప్పు వాసన. అన్నం వాసన. అది ఫ్యాక్టరీ విషం కాదు, మన వంటింటి వాసనే. మన ఊళ్లలో చెత్తలో సగానికి పైగా వంటింటి తడి చెత్తే. తడిని పొడితో కలిపి, గాలి ఆడకుండా గుట్ట పోస్తే లోపల మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. అందుకే చెత్త గుట్టలు ఎవరూ అంటించకుండానే మండుతుంటాయి. కింద నుంచి నల్లటి నీళ్లు ఊరి బావుల్లోకి దిగుతాయి. అదే తడి చెత్త మా మామ దిబ్బలో ఉన్నప్పుడు బంగారం. తేడా అంతా అందులో ప్లాస్టిక్, గాజు, డైపర్లు కలిశాయా లేదా అన్నదే.

కోర్టుల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎవరికీ నిద్ర రాకూడదు. ఈ ఊళ్లోనే ఉండే అల్మిత్రా పటేల్ అనే ఇంజినీరు, తన ఇంటి దగ్గర చిత్తడి నేలలో చెత్త పోయడం చూసి కదిలారు. 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశంలో మున్సిపాలిటీలకు చెత్త గురించి 2000లో రూల్స్ వచ్చాయంటే ఆ కేసు వల్లే. 2016లో వాటిని మార్చి రాశారు. ఇంట్లోనే వేరు చేసి ఇవ్వడం మన బాధ్యత అని అప్పుడు స్పష్టంగా రాశారు. రోజుకు వంద కేజీలకు మించి చెత్త వచ్చే పెద్ద అపార్టుమెంట్లు, హోటళ్లు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే చూసుకోవాలి అని కూడా రాశారు. మన కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరు 17న ఇంకా తేలికగా చెప్పింది. రెండు బుట్టలు, ఒక సంచి. తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, బ్యాండేజీల లాంటి వాటికి ఎర్ర బుట్ట. పొడి చెత్తకు సంచి. నల్ల కవర్లు వద్దు. ఇంతకంటే సులువైన కోర్టు తీర్పు నేను చదవలేదు. చిన్నపిల్లకు చెప్పినా అర్థమవుతుంది. మా ఆయనకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. (నవ్వులు)

ఇప్పుడు అసలు చోటుకు వెళ్దాం. పొడి చెత్త ఎక్కడికి పోతుంది?

చాలా వార్డుల్లో పొడి చెత్త సేకరణ కేంద్రాలు ఉన్నాయి. రేకుల షెడ్డు, ఒక తూకం, గోనెసంచుల గోడలు. చాలా కేంద్రాలను నడిపేది ఒకప్పుడు రోడ్డు మీద చెత్త ఏరుకున్న వాళ్లే. 2011లో ఈ నగరం చెత్త ఏరుకునే వాళ్లకు గుర్తింపు కార్డులు ఇచ్చింది. హసిరు దళ లాంటి సంస్థలు దాని కోసం వెంటపడ్డాయి. కార్డు అంటే మనకు పర్సులో ఇంకో కార్డు. సంచి భుజాన వేసుకుని తెల్లవారుజామున తిరిగే మనిషిని పోలీసు దొంగ అని ఆపినప్పుడు ఆ కార్డు విలువ తెలుస్తుంది.

నేను ఒక కేంద్రంలో ఒక పూట కూర్చున్నాను. కూర్చుంటే ఊరుకోరు కదా, నా చేతికి గ్లౌజులు ఇచ్చి ఏరమన్నారు. నా ముందు గుట్ట. నాకు అదంతా ప్లాస్టిక్ అనే ఒకే ముద్ద. నా పక్కన కూర్చున్న అమ్మాయికి అది పది వస్తువులు. నీళ్ల బాటిల్ పెట్, షాంపూ బాటిల్ హెచ్‌డీ, పాల కవరు ఎల్‌డీ, హోటల్ సాంబారు డబ్బా పీపీ. ఇవన్నీ ప్లాస్టిక్ రకాల పేర్లు. మూత వేరు, బాటిల్ వేరు, లేబుల్ వేరు. చేత్తో నలిపితే వచ్చే చప్పుడును బట్టి కూడా కవర్లను వేరు చేస్తుంది. బ్యాంకులో నోటు దొంగదో కాదో వేలితో రుద్ది చెప్పే క్యాషియర్ ఒకాయన ఉండేవాడు, ఆయన గుర్తొచ్చాడు. ఇది నైపుణ్యం. దీన్ని మనం నైపుణ్యం అనం, అంతే.

నాకు అక్కడ తెలిసిన చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి, అవి మీకు పనికొస్తాయి. నందిని పాల కవరు మూల కత్తిరించి ఆ చిన్న ముక్కను పారేస్తాం కదా, ఆ ముక్క ఎవరి చేతికీ చిక్కదు, కాలవలోకి పోతుంది. మూల పూర్తిగా తెంపకుండా చీల్చి, కవరు కడిగి ఆరేసి ఇవ్వండి. కడగని పాల కవర్ల సంచి రెండో రోజుకు ఎలా ఉంటుందో చెప్పను, భోజనాలు ఉన్నాయి. నూనె అంటిన పిజ్జా అట్టపెట్టె అట్టల్లోకి పోదు. మరక లేని పైమూత చించి పొడి చెత్తలో వేయండి, నూనె ముక్క తడి చెత్తలోకి. చిప్స్ ప్యాకెట్ లోపల మెరుస్తుంది చూడండి, అది ప్లాస్టిక్, లోహపు పూత కలిసిన పొర. దాన్ని కొనేవాడు దాదాపు లేడు. అలాంటివి మూటలు కట్టి సిమెంటు ఫ్యాక్టరీలకు పంపుతారు, అక్కడ బొగ్గుతో పాటు కొలిమిలో కాలిపోతాయి. రీసైకిల్ అయిపోయిందని మనం సంతోషించేవాటిలో చాలా వాటి గతి ఇదే. కాలిస్తే కనీసం గుట్ట పెరగదు, నిజమే. కానీ దాన్ని రీసైక్లింగ్ అనడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ ఒక బాబు చాలాసేపటి నుంచి చేయెత్తుతున్నాడు. అడుగు బాబూ.

(సభలో ఒకరు: "మేడం, మేం ఇంట్లో వేరు చేసి ఇస్తాం. చెత్త ఆటోవాడు రెండూ కలిపేస్తాడు. ఇంక ఎందుకండీ మాకీ తిప్పలు?")

ఈ ప్రశ్న రాకపోతే నేనే అడగాలనుకున్నాను. కలుపుతారు. నా కళ్లతో చూశాను, అబద్ధం చెప్పను. కొన్ని వీధుల్లో రోజూ కలుపుతారు. ఎందుకు కలుపుతారో ఒకరోజు మా ఆటో డ్రైవర్‌ని అడిగాను. అతనిదీ తెలుగే. "అమ్మా, ఈ వీధిలో అరవై ఇళ్లు. నలభై ఇళ్లు కలిపే ఇస్తాయి. మీరు ఇచ్చిన ఇరవై బకెట్లు ఎక్కడ పెట్టేది?" అన్నాడు. ఆటో పక్కన గోనెసంచులు వేలాడుతుంటాయి చూశారా? వాటిలో అమ్ముడుపోయే పొడి చెత్త వేసుకుంటారు. అది వాళ్లకు చేతి ఖర్చు. నువ్వు పొడి చెత్త శుభ్రంగా ఇచ్చావనుకో, అది ఆ సంచిలోకి పోతుంది, కలవదు. కలిసేది ఎక్కువగా మనం తడి అని ఇచ్చిన దాంట్లో చాక్లెట్ కవరు దాచి ఇచ్చినప్పుడు. మొత్తం తప్పు మనదే అని నేను అనడం లేదు. పొడి చెత్త బండి వారానికి రెండు రోజులే వస్తుంది, ఒక్కోసారి రాదు. రాకపోతే ఫిర్యాదు చెయ్యాలి, చేస్తూనే ఉండాలి. ఇప్పుడు మనం డబ్బు కూడా కడుతున్నాం. 2025 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నుతో పాటు చెత్త ఫీజు వేశారు, ఇంటి సైజును బట్టి నెలకు పది రూపాయల నుంచి నాలుగు వందల దాకా. 2025 సెప్టెంబరులో పాత కార్పొరేషన్ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. బోర్డులు మారాయి. మా వీధి ఆటో మాత్రం అదే, హారన్ కూడా అదే.

మరి నేను ఎందుకు వేరు చేస్తున్నాను అంటావా? తర్వాత లారీలో కలిసినా, నా గేటు దగ్గర ఆ బుట్టలో చేయి పెట్టేవాళ్ల చేయి తెగకూడదు. నాకు అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. పగిలిన గాజును పాత పేపర్లో మందంగా చుట్టి, మీద ‘గాజు’ అని రాసి విడిగా ఇస్తాను. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి ఎర్ర చుక్క పెడతాను. మా కోడలు మొదట్లో సిగ్గుపడింది, "ఎర్ర చుక్క పెడితే అందరికీ తెలుస్తుంది కదా అత్తయ్యా" అని. పెట్టకపోతే ఇంకొక ఆడమనిషి విప్పి చూస్తేనే తెలుస్తుంది, అది నయమా అన్నాను. ఇప్పుడు తనే చుక్క పెడుతుంది, పెద్దగా, బొట్టంత.

ముందు ఒక మాట దాచాను కదా. మా చిన్నప్పుడు హిందూపురంలో మరుగుదొడ్లు శుభ్రం చేసి, తట్ట తలమీద పెట్టుకుని వెళ్లే వాళ్లుండేవాళ్లు. వాళ్ల పేరు పిలవడానికి ఇంట్లో వాడే మాట ఇక్కడ చెప్పను. కర్ణాటకలో అప్పటి ముఖ్యమంత్రి దేవరాజ్ అర్స్ మంత్రివర్గంలో మంత్రి బసవలింగప్ప 1970లలో తలమీద మలం మోయించడాన్ని నిషేధించారు. ఆ పనివాళ్ల బతుకు మీద సాలప్ప కమిటీ రిపోర్టు ఇచ్చింది. పౌరకార్మికులు అనే గౌరవమైన పేరు వచ్చింది. పేరు వచ్చాక కూడా చాలా ఏళ్లు జీతం కాంట్రాక్టరు చేతి మీదుగానే అందేది, ఎంత అందిందో ఎవరికీ తెలియదు. 2017 తర్వాత నేరుగా వాళ్ల ఖాతాలో వేయడం మొదలైంది. ఎన్నో సమ్మెలు చేశాక 2025 మే డే నాడు బెంగళూరులో పన్నెండు వేలకు పైగా మందికి పర్మనెంట్ ఉద్యోగం ఉత్తర్వులు ఇచ్చారు. మా వీధి ఆమెకు అది అందలేదు, అప్పటికి పని మానేసింది. ఆటో నడిపేవాళ్లు, లారీలోకి ఎత్తేవాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

మా బ్యాంకులో పెన్షన్ కాగితం ఒకటి ఆలస్యమైతే యూనియన్ ఎంత గొడవ చేసేదో నాకు తెలుసు. నేనూ జెండా పట్టుకున్నదాన్నే. వాళ్లు రోడ్డు మీద కూర్చుంటే మాత్రం మనం వాట్సాప్‌లో "ట్రాఫిక్ జామ్" అని పెడతాం.

ఇప్పుడు మంచి విషయం. ఎరువు.

హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ పక్కన కూడ్లు దగ్గర కర్ణాటక కంపోస్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 1975లోనే వచ్చింది. నగరం చెత్తతో ఎరువు చేయాలనే ఆలోచన కొత్తదేం కాదన్నమాట. కానీ ఇంట్లో చేసుకుంటే ఆటో కోసం చూడక్కర్లేదు. నా దగ్గర మూడు మట్టి కుండలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైన కుండలో తడి చెత్త వేసి, దాని మీద అంతే కొలత ఎండుటాకులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ఊరి చెట్లు ఆకులు రాల్చి రోడ్డంతా పరుస్తాయి, రెండు బస్తాలు నింపి పెట్టుకుంటే ఏడాదంతా వస్తాయి. వాటిని తగలబెడుతుంటే చూస్తూ ఊరుకోకండి, తప్పు. చెత్త బహిరంగంగా కాలిస్తే ఐదు వేల జరిమానా అని 2016లోనే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది. కాలితే పొగ, కుండలో వేస్తే ఎరువు.

మొదట్లో కుండ కంపు కొట్టింది. మా ఆయన "అది బయట పెడతావా, నన్ను బయటకు పొమ్మంటావా" అన్నారు. తడి ఎక్కువైతే కంపు. ఇంకాసిన్ని ఎండుటాకులు, కొంచెం కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, వేసి కదిపితే పోయింది. పుల్లబడిన మజ్జిగ చల్లితే తొందరగా మారుతుంది. తెల్లగా లావుగా పురుగులు వస్తాయి, చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అవి మనల్నేం చేయవు, చెత్తను తినేసి వెళ్లిపోతాయి. ఆయన వాటికి ‘పెన్షనర్లు’ అని పేరు పెట్టారు, తిని పడుకోవడమే కాబట్టి. (నవ్వులు)

మన వంటిళ్లలో కొన్ని కుండకు నచ్చవు. మామిడి టెంకలు పళ్ల సీజన్లో గంపెడు వస్తాయి, ఏడాదైనా అలాగే ఉంటాయి. చింతపండు పిప్పి పరవాలేదు, గింజలు మాత్రం మొలకలొస్తాయి. గోంగూర కాడలు ముక్కలు చేసి వేస్తే సరే. కొబ్బరి చిప్పలు వద్దు. నిమ్మ చెక్కలు ఎక్కువైతే పురుగులు అలుగుతాయి. మిగిలిన పులిహోర వేయకండి, నూనె, ఉప్పు. అసలు పులిహోర మిగిలిందంటే వండినవాళ్లది తప్పు. రెండు మూడు నెలలకు కింద కుండలో నల్లటి మట్టి వస్తుంది. చేతిలోకి తీసుకుంటే మొదటి వాన వాసన. మా డాబా మీద కరివేపాకు చెట్టు దాని మీదే బతుకుతోంది. రుజువు కావాలంటే ఒక రెబ్బ తెచ్చాను, కూరలో వేశారట.

మూలల్లో చెత్త పోసే సంగతి ఒక్క నిమిషం. వీటిని ఇక్కడ బ్లాక్ స్పాట్లు అంటారు. శుభ్రం చేసి ముగ్గు వేస్తారు, రెండో రోజు మళ్లీ పోస్తారు. 2025 అక్టోబరు చివర్లో అధికారులు చెత్త పోసేవాళ్లను వీడియో తీసి, ఆ చెత్త తెచ్చి వాళ్ల ఇంటి ముందే గుమ్మరించారు. పేరు కూడా పెట్టారు, కస సురియువ హబ్బ, అంటే చెత్త పోసే పండుగ. చాలా మంది భలే చేశారన్నారు. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత వేరే ఆలోచన వచ్చింది. ఆ గుమ్మరించిన చెత్త మళ్లీ ఎవరు ఎత్తారు? ఇంకోటి, రాత్రి పన్నెండుకు ఆఫీసు నుంచి వచ్చి పొద్దున ఆటో టైముకు నిద్రలేవని కుర్రాళ్లు పీజీల్లో, రూముల్లో వేలమంది ఉన్నారు. మన పిల్లలే, గుంటూరు, కర్నూలు, ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు బండి మీద వెళ్తూ మూల మీద కవరు విసిరేస్తారు. వాళ్లను సమర్థించను. కానీ పీజీ ఓనరు అద్దెతో పాటు ఒక డ్రమ్ము పెట్టి, ఆటో వచ్చినప్పుడు ఇచ్చే మనిషిని పెడితే సమస్య తీరిపోతుంది. ఇక్కడ పీజీలున్న వాళ్లు నలుగురైదుగురు ఉన్నారని నాకు తెలుసు. మీ పేర్లు చెప్పను. (నవ్వులు)

ఆయుధ పూజ మర్నాడు ఒకసారి రోడ్డు చూడండి. ప్రతి బండి ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ, అరటి పిలకలు. స్కూటర్లు జారి పడతాయి. దిష్టి తీశాక ముక్కలు ఏరి పక్కన పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? గుమ్మడికాయ ఎరువుకు చాలా మంచిది, నా కుండలకు పండుగ. గుమ్మడికాయ మధ్యలో నాణెం పెడతారు కదా, ఊడ్చేవాళ్లు ఆ నాణెం కోసం అన్నా ఏరుతారు అనుకుంటారేమో. వాళ్లకు నాణెం కన్నా ఆ రోజు ఒక గంట తక్కువ పని ముఖ్యం.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. సరే.

భోజనాలు స్టీలు కంచాల్లోనే. అద్దె లేకుండా కంచాలిచ్చే ప్లేటు బ్యాంకులు ఈ ఊళ్లో ఉన్నాయి, ఒకరోజు ముందు చెప్తే చాలు, అక్కడి నుంచే తెచ్చాం. కడిగి తిరిగి ఇవ్వాలి, ఎవరెవరు కడుగుతారో భోజనాలయ్యాక చీటీలు తీద్దాం. చేయి కడిగే దగ్గర మూడు బుట్టలు పెట్టించాను. కంచంలో మిగిలింది, అరటి తొక్క, కరివేపాకు పచ్చ దాంట్లో. పెరుగు కప్పుల మూతలు, స్వీటు కాగితాలు సంచిలో. ఎర్ర బుట్ట అవసరం రాకూడదు. అయినా పెట్టాను. మీరంతా వెళ్లాక నేనే గ్లౌజులు వేసుకుని మూడూ తెరిచి చూస్తాను.